కార్పొరేటర్ అభ్యర్థి నేపథ్యం ఎలా చదవాలి: అఫిడవిట్‌లో ఉన్నదీ, అందులో దొరకనిదీ

మీరు అడిగింది ఇది. హైదరాబాద్‌లో మీ డివిజన్ నుంచి తొమ్మిది మంది కార్పొరేటర్‌గా పోటీ చేస్తున్నారు. ఒకాయన బిల్డర్, ఒకావిడ మాజీ కార్పొరేటర్ భార్య, ఒకరు లాయర్, ఇంకొకరు మీ పక్క కాలనీ సంఘం అధ్యక్షుడు, మిగతావాళ్లు స్వతంత్రులు. అఫిడవిట్లు, అంటే నామినేషన్‌తో పాటు ఆస్తులు, కేసులు, చదువు ప్రకటిస్తూ ఇచ్చే ప్రమాణపత్రాలు, తెచ్చుకుని చదివారు కానీ ఎవరు ఎలాంటివారో తేలలేదు. ఒకరి మీద నాలుగు కేసులున్నాయి, ఒకరికి కోట్ల ఆస్తి ఉంది, ఒకరి చదువు పదో తరగతితో ఆగింది. వీటిలో దేన్ని పట్టించుకోవాలి, దేన్ని వదిలేయాలి అని మీ ప్రశ్న.

నేను మున్సిపల్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఎన్నికలప్పుడు నామినేషన్లు తీసుకునే బల్ల దగ్గర కూర్చున్నాను. గెలిచాక అదే మనుషులతో సర్కిల్ ఆఫీసులో, అంటే కార్పొరేషన్ ప్రాంతీయ కార్యాలయంలో, ఏళ్ల తరబడి పనిచేశాను. చదువు, ఆస్తి, కేసుల సంఖ్య అనే మూడింటినీ పేపర్లు, టీవీలు ముందుకు తెస్తాయి. నేను మొదట చూసేది వేరు. ఈ మనిషి ఇంటికి డబ్బు ఎటు నుంచి వస్తోంది? ఆ దారిలో కార్పొరేటర్ మాట చెల్లే చోటు ఏదైనా ఉందా? ఉంటే, మిగతావన్నీ దాని తర్వాతే చూస్తాను.

ఇది అర్థం కావాలంటే కార్పొరేటర్ మాట ఎక్కడ చెల్లుతుందో తెలియాలి. కాగితం మీద చూస్తే కార్పొరేటర్‌కి ఒంటరిగా ఉన్న అధికారం చాలా తక్కువ. పనులు మంజూరు చేసేది కమిషనర్, స్టాండింగ్ కమిటీ, కౌన్సిల్. స్టాండింగ్ కమిటీలో ఉండేది 15 మంది. నెలకు వచ్చే గౌరవ వేతనం కూడా వేలల్లోనే. ఆ డబ్బు కోసం ఎవరూ అంత ఖర్చు పెట్టుకుని పోటీ చేయరు. అసలు పలుకుబడి సర్కిల్ ఆఫీసులో ఉంటుంది. ఏ గల్లీకి ముందు సీసీ రోడ్డు వేయాలి, ఏ నాలా పూడిక ముందు తీయాలి అన్న ప్రతిపాదన కార్పొరేటర్ దగ్గర నుంచే కదులుతుంది. వరద సాయం పంచేటప్పుడు ఏ బస్తీ పేరు జాబితాలో చేరాలన్నది కూడా చాలావరకు ఆయన మాట మీదే నడుస్తుంది. 2020 అక్టోబరు వరదల తర్వాత ఇంటికి రూ.10,000 సాయం పంచినప్పుడు జనం ముందు కార్పొరేటర్ల ఇళ్ల చుట్టూనే తిరిగారు.

అన్నింటికంటే ఎక్కువగా ఆ మాట చెల్లేది టౌన్ ప్లానింగ్‌లో. ఇళ్ల అనుమతులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో వస్తాయి. 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ అనే ఆన్‌లైన్ అనుమతుల విధానం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో కట్టుకునే చిన్న ఇంటికి రిజిస్ట్రేషన్ చేసుకుంటే చాలు, 600 గజాల వరకు స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి వస్తుంది. కాబట్టి అనుమతి దగ్గర కార్పొరేటర్ అవసరం పెద్దగా ఉండదు. అవసరం పడేది ఆ తర్వాత. అనుమతి ఐదు అంతస్తులకు ఉండి ఆరోది లేస్తున్నప్పుడు, చుట్టూ వదలాల్సిన ఖాళీ (సెట్‌బ్యాక్) వదలకుండా గోడ కడుతున్నప్పుడు, సెల్లార్‌లో పార్కింగ్ బదులు షాపులు పెడుతున్నప్పుడు. పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తారు. సిబ్బంది వెళ్లి నోటీసు ఇస్తారు. ఆ తర్వాత ఆ ఫైలు కదులుతుందా ఆగుతుందా అన్నదాంట్లో ఒక ఫోన్ కాల్‌కి ఎంత బలం ఉంటుందో ఆ ఆఫీసులో పనిచేసిన ప్రతివాడికీ తెలుసు.

ఇప్పుడు మీ బిల్డర్ సంగతి. బిల్డర్ కావడం తప్పు కాదు. ఈ నగరాన్ని కట్టింది వాళ్లే, నాలుగు పనులు చేయించే చాకచక్యం కూడా వాళ్లలో ఎక్కువే. కానీ ఆయన ఏం కట్టాడో, ఎలా కట్టాడో చూడకుండా ఓటు వేయకండి. అఫిడవిట్‌లో వృత్తి దగ్గర ‘వ్యాపారం’ అని ఒక్క మాట రాసి వదిలేస్తారు. ఆ మాట చూసి ఆగిపోవద్దు. ఆస్తుల పట్టికలో సంస్థల్లో వాటాలు, భాగస్వామ్య పెట్టుబడులు అనే చోట సంస్థ పేరు ఉంటుంది. ఆ పేరుతో తెలంగాణ రేరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్‌లో వెతకండి. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గానీ కట్టే ప్రాజెక్టును అక్కడ రిజిస్టర్ చేయాలి. ప్రాజెక్టు పేజీలో మంజూరైన ప్లాన్, ఎన్ని అంతస్తులు, ఎన్ని ఫ్లాట్లు అన్నీ ఉంటాయి. ఆ వివరాలు ఫోన్‌లో పెట్టుకుని ఒక సాయంత్రం ఆ బిల్డింగ్ ముందు నిలబడి అంతస్తులు లెక్కపెట్టండి. చుట్టూ ఖాళీ ఎంత వదిలారో చూడండి. వాచ్‌మన్‌తో, ఫ్లాటు కొన్నవాళ్లతో మాట్లాడండి. ప్లాన్ ప్రకారం కట్టారని కార్పొరేషన్ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిందా అని అడగండి. రాకపోతే ఎన్నేళ్లుగా రాలేదో అడగండి. అఫిడవిట్ పేజీలన్నీ కలిపి చెప్పని సంగతి ఆ పది నిమిషాల్లో తెలుస్తుంది. తన సొంత ప్రాజెక్టులో ప్లాన్ ప్రకారం కట్టి, కొన్నవాళ్లకు కాగితాలన్నీ చేతికిచ్చిన బిల్డర్ అయితే, ఆయన గురించి నా అనుమానం సగం అక్కడే పోతుంది.

చిన్న బిల్డర్లకు రేరా వర్తించకపోవచ్చు. నాలుగైదు ఫ్లాట్ల బిల్డింగులు డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ మీద కట్టేవాళ్లు ప్రతి డివిజన్‌లోనూ ఉంటారు. అలాంటప్పుడు స్థలం ఇచ్చిన యజమానులను కలవండి. చెప్పిన గడువుకి వాళ్ల వాటా ఫ్లాట్లు ఇచ్చాడా లేదా అన్నది వాళ్లే చెప్తారు. స్థల యజమానులకు మాట తప్పినవాడు ఓటర్లకు మాట నిలబెట్టుకుంటాడని నేను అనుకోను.

బిల్డర్ తర్వాత చూడాల్సింది కాంట్రాక్టర్. కార్పొరేషన్‌తో కాంట్రాక్టులో ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ వాటా ఉన్నవారు కార్పొరేటర్ పదవికి అనర్హులని 1955 నాటి జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ మహానగర పాలక సంస్థ) చట్టం చెబుతోంది. అందుకే అభ్యర్థి పేరు మీద కాంట్రాక్టు మీకు కనిపించదు. బావమరిది పేరు మీదో, పాత భాగస్వామి పేరు మీదో ఉంటుంది. దీనికి మార్గం సమాచార హక్కు దరఖాస్తు. గత మూడేళ్లలో మీ డివిజన్‌లో చేసిన పనుల జాబితా, ఒక్కో పనికి అంచనా మొత్తం, కాంట్రాక్టర్ పేరు, చెల్లించిన బిల్లు ఇవ్వమని సర్కిల్ ఆఫీసుకి పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ జాబితాలో ఒకే పేరు పదే పదే వస్తుంటే, ఆ పేరుకీ మీ అభ్యర్థులకీ చుట్టరికం ఉందేమో బస్తీలో అడిగితే చాలు. ఇలాంటివి గల్లీలో దాగవు.

మాజీ కార్పొరేటర్ భార్య విషయం కాస్త నిదానంగా చెప్పాలి. ఎందుకంటే ఇక్కడ మనవాళ్లు రెండు రకాలుగానూ తొందరపడతారు. జీహెచ్‌ఎంసీలో సగం డివిజన్లు మహిళలవి. 2020 ఎన్నికల్లో 150 డివిజన్లలో 75 వాళ్లకే. అప్పుడు మేయర్ పదవి కూడా జనరల్ మహిళకే వచ్చింది. దాంతో రాజకీయ కుటుంబాల నుంచి చాలామంది మహిళలు బరిలోకి దిగారు. అప్పటి మేయర్ బొంతు రామ్మోహన్ గెలిచిన చర్లపల్లి నుంచి ఆయన భార్య శ్రీదేవి పోటీ చేసి గెలిచారు. మేయర్ అయిన గద్వాల్ విజయలక్ష్మి సీనియర్ నాయకుడు కె.కేశవరావు కుమార్తె, అప్పటికే 2016 నుంచి బంజారాహిల్స్ కార్పొరేటర్. ఖైరతాబాద్‌లో గెలిచిన విజయారెడ్డి దివంగత కాంగ్రెస్ నాయకుడు పి.జనార్దన్ రెడ్డి కుమార్తె. కుటుంబం పేరుతో వచ్చినంత మాత్రాన పని రాదని అనుకోవడం అన్యాయం. చిన్నప్పటి నుంచి ఇంటి ముందు అర్జీలు పట్టుకుని నిలబడే జనాన్ని చూస్తూ పెరిగిన ఆడపిల్లకు ఈ పని కొత్తగా నేర్పాల్సిన అవసరం ఉండదు.

అదే సమయంలో, సమీక్ష సమావేశాల్లో కార్పొరేటర్ కుర్చీలో భర్త కూర్చుని మాట్లాడటం, ఆవిడ పక్కన మౌనంగా ఉండటం నేను చూశాను. గెలిచిన మొదటి ఏడాది అలా ఉండి, ఆ తర్వాత ఫైళ్లు అర్థం చేసుకుని, భర్తను బయట కూర్చోబెట్టి తానే ఇంజినీర్లను నిలదీసిన ఆవిడనూ చూశాను. ఎవరు ఏ రకమో ముందే తెలుసుకోవడానికి రెండు దారులున్నాయి. ప్రచారంలో ఇచ్చిన నంబర్‌కి ఫోన్ చేయండి. ఆవిడతో మాట్లాడాలని చెప్పండి. మూడుసార్లు చేసినా భర్తో, పీఏనో మాత్రమే మాట్లాడితే, గెలిచాకా అలాగే ఉంటుంది. రెండోది, ఆవిడ ఇంతకుముందు సొంతంగా ఏం చేశారో అడగండి. పొదుపు సంఘాలు నడిపారా, స్కూల్లో పనిచేశారా, బస్తీలో నీళ్ల గొడవకి ఎప్పుడైనా ముందు నిలబడ్డారా. జవాబు ఎంత చిన్నదైనా సరే, అది ఆవిడదై ఉండాలి.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. అఫిడవిట్‌లో ఆస్తుల పట్టిక అభ్యర్థికీ, భార్య లేదా భర్తకీ, వారిపై ఆధారపడినవారికీ కలిపి ఉంటుంది. కేసుల పట్టిక మాత్రం అభ్యర్థి ఒక్కరిదే. అంటే భర్త మీద ఎన్ని కేసులున్నా, భార్య అఫిడవిట్‌లో ఆ గడి ఖాళీగా ఉండొచ్చు, అది చట్టప్రకారం సరైనదే కూడా. మీ డివిజన్‌లో ఆయన గతంలో కార్పొరేటర్‌గా పోటీ చేశారు కాబట్టి ఆయన పాత అఫిడవిట్ ఎక్కడో ఉంటుంది. దాన్ని సంపాదించి ఇప్పటి దానితో పక్కపక్కన పెట్టి చదవండి. ఆయన కేసులు పాతదాంట్లో ఉంటాయి, ఇప్పటి ఆస్తులు కొత్తదాంట్లో ఉంటాయి. రెండూ కలిస్తేనే ఆ ఇంటి పూర్తి బొమ్మ.

ఇక కేసులు. ఒకరి మీద నాలుగు కేసులున్నాయని మీరు రాశారు. సంఖ్య చూసి భయపడవద్దు, సున్నా చూసి నిశ్చింతగా ఉండవద్దు. సెక్షన్ నంబర్లు చూడండి. పాత శిక్షా స్మృతి ఐపీసీలో 188 అంటే అధికారి ఉత్తర్వు ఉల్లంఘన, 143 అంటే చట్టవిరుద్ధంగా గుమికూడటం, 341 అంటే దారి అడ్డగించడం. ఇవి ధర్నాలు, రాస్తారోకోల కేసులు. తెలంగాణ ఉద్యమంలో తిరిగిన వాళ్ల మీద ఇవి, రైల్‌రోకోల తాలూకు రైల్వే చట్టం కేసులూ లెక్కలేనన్ని పడ్డాయి. మంచినీళ్ల కోసం రోడ్డెక్కినా ఇవే సెక్షన్లు. ఇలాంటి కేసు ఉన్న అభ్యర్థిని నేను ఒక మార్కు ఎక్కువ వేసి చూస్తాను, కనీసం ఒకసారైనా జనంతో రోడ్డు మీద నిలబడ్డాడు కదా అని.

307 అంటే హత్యాయత్నం, 354 అంటే మహిళ మీద దౌర్జన్యం, 384 అంటే బెదిరించి వసూలు చేయడం, 406 అంటే నమ్మకద్రోహం, 420 అంటే మోసం. ఇవి కనబడితే ఆగండి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది కాబట్టి కొత్త కేసుల్లో నంబర్లు మారతాయి. హత్యాయత్నం 109 అయింది, మోసం 318 అయింది, బెదిరింపు వసూళ్లు 308 అయ్యాయి. పాత నంబర్లే వెతికితే కొత్త కేసు మీ కంట పడదు.

నగర ఎన్నికల్లో నేను ప్రత్యేకంగా వెతికేది ఇంకో గుంపు: 447, 427, 506. ఒకటి ఇతరుల స్థలంలోకి చొరబడటం, రెండోది ఆస్తి ధ్వంసం, మూడోది బెదిరించడం. ఈ మూడూ ఒకే కేసులో కలిసి కనిపిస్తే దాదాపుగా అది స్థలం తగాదా. గోడ కూల్చారు, లోపలికి వెళ్లారు, యజమానిని బెదిరించారు. విడివిడిగా చూస్తే చిన్న శిక్షల సెక్షన్లే కాబట్టి ‘చిన్న కేసులు’ అని అభ్యర్థి తేలిగ్గా తీసిపారేస్తాడు. హైదరాబాద్‌లో కార్పొరేటర్‌గా నిలబడే మనిషి విషయంలో నాకు 307 కంటే ఇవే ఎక్కువ టెన్షన్ పెడతాయి. ఎందుకంటే పార్కు స్థలాలు, లేఅవుట్‌లో వదిలిన ఖాళీ స్థలాలు, చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు) అంచులు అన్నీ కాపాడాల్సిన మనుషుల్లో కార్పొరేటర్ ఒకరు. ఈ ఆక్రమణలు తీయడానికే 2024 జూలైలో ప్రభుత్వం హైడ్రా అని ప్రత్యేక వ్యవస్థ పెట్టాల్సి వచ్చింది. అయితే ఒక్క మాట. ఎదుటివాడు అన్యాయంగా పెట్టిన కేసులు కూడా ఇదే రూపంలో ఉంటాయి. కాబట్టి కేసు నంబర్ పట్టుకుని ఏ స్థలం, ఎవరి ఫిర్యాదు అన్నది చూశాకే ఒక అభిప్రాయానికి రండి.

2020 ఎన్నికలప్పుడు ఫోరం ఫర్ గుడ్ గవర్నెన్స్ అనే సంస్థ ప్రధాన పార్టీల అభ్యర్థుల అఫిడవిట్లు చూసి 49 మందికి నేర చరిత్ర ఉందని లెక్క తేల్చింది. మొత్తం బరిలో ఉన్నది 1,122 మంది. మిగతావాళ్లందరి మీదా ఏమీ లేదని దీని అర్థం కాదు. అభ్యర్థుల కేసుల వివరాలు ఓటరుకి తెలియాలని సుప్రీంకోర్టు 2002లో చెప్పినప్పుడు, పెండింగ్ కేసుల విషయంలో కొన్ని హద్దులు పెట్టింది. రెండేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరం అయి ఉండాలి. నామినేషన్‌కి ఆరు నెలల ముందే కోర్టు అభియోగాలు నమోదు చేసి గానీ, కేసును విచారణకు స్వీకరించి గానీ ఉండాలి. ఫారంలో ప్రశ్న ఆ మాటల్లోనే ఉంటే, పోలీసు దర్యాప్తులోనే ఉన్న కొత్త కేసు అందులో రాయనక్కర్లేదు. అందుకే జవాబుకంటే ముందు ప్రశ్న ఎలా అడిగారో చదవండి.

రాయాల్సింది రాయకపోతే ఏమవుతుందని కూడా మీరు అడిగారు. తీవ్రంగానే ఉంటుంది. తమిళనాడులో కోయంబత్తూరు జిల్లా తెక్కంపట్టి పంచాయతీకి 2006లో ఎన్నికైన అధ్యక్షుడు ఒక కేసు చెప్పి, మిగతా చార్జిషీట్లు దాచాడు. 2015లో సుప్రీంకోర్టు ఆ ఎన్నిక చెల్లదన్న తీర్పును నిలబెట్టింది. నేర చరిత్ర దాచడం ఓటరు మీద అనుచిత ప్రభావం చూపడమేనని, అది అవినీతి పద్ధతి కిందకి వస్తుందని చెప్పింది. అది స్థానిక సంస్థ కేసు కావడం మనకు ముఖ్యం. అయితే తేదీలు చూడండి. 2006లో ఎన్నిక, 2015లో తుది తీర్పు. కోర్టు న్యాయం చేసేలోగా పదవీకాలం అయిపోతుంది. నామినేషన్ల పరిశీలన రోజున రిటర్నింగ్ అధికారి అఫిడవిట్ ఉందా, గడులు నింపారా, సంతకాలున్నాయా అని చూస్తారు. లోపల రాసింది నిజమా అని విచారణ చేసే సమయం, యంత్రాంగం ఆ బల్ల దగ్గర ఉండవు. ఆ పని ఓటర్లే చేయాలి.

ఎలా చేయాలంటే, కోర్టు కేసుల వివరాలు ఉండే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో జిల్లా ఎంచుకుని, కక్షిదారు పేరుతో, సంవత్సరంతో వెతకొచ్చు. మన పేర్లను ఇంగ్లిష్‌లో రాసే తీరు ఒక్కో స్టేషన్‌లో ఒక్కోలా ఉంటుంది కాబట్టి రెండు మూడు స్పెల్లింగులతో చూడండి. ఇంటిపేరు ముందు, వెనక మార్చి చూడండి. ఒకే పేరున్నవాళ్లు ఈ నగరంలో చాలామంది ఉంటారు. తండ్రి పేరు, చిరునామా కలవకపోతే ఆ కేసు ఆయనదని అనుకోవద్దు, వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టవద్దు. పేరు కలిసిందని ఒక నిర్దోషి పరువు తీయడం, కేసు దాచిన అభ్యర్థి చేసిన దానికంటే చిన్న తప్పేమీ కాదు.

ఆస్తుల సంగతి. కోట్ల ఆస్తి చూసి మీరు ఆశ్చర్యపోయారు. ఈ నగరంలో తాతలనాటి రెండు వందల గజాల ఇల్లు ఉన్నా కోట్లే. మొత్తం వల్ల ఏమీ తెలియదు. ప్రతి ఆస్తి పక్కన వారసత్వంగా వచ్చిందా, కొన్నదా, కొంటే ఏ తేదీన, ఎంతకు అని గడులు ఉన్నాయేమో చూడండి. ఉంటే అవి చదవండి. గతంలో గెలిచినవారైతే, పదవిలో ఉన్న ఐదేళ్లలో కొత్తగా కొన్నవాటిని విడిగా రాసుకోండి. ధర పెరగడం వల్ల ఆస్తి విలువ పెరిగితే దాంట్లో వింత లేదు. కొత్త సర్వే నంబర్లు, కొత్త ఫ్లాట్లు వచ్చి చేరితే, ఆదాయం పన్ను రిటర్నుల్లో చూపిన సంపాదనతో అవి కొనగలరా అని లెక్క వేయండి. తర్వాత అప్పుల పట్టికకి రండి. దీన్ని జనం అసలు చూడరు. బ్యాంకు అప్పులు మామూలే. వ్యక్తుల దగ్గర పెద్ద మొత్తాల్లో చేబదులు ఉంటే, ఆ వ్యక్తులు ఎవరు? ఎన్నికకు ముందు అప్పిచ్చిన కాంట్రాక్టరో, బిల్డరో గెలిచాక ఆ అప్పు డబ్బు రూపంలోనే తిరిగి అడగకపోవచ్చు. ప్రభుత్వ బకాయిలు, అంటే ఆస్తిపన్ను, నీటి బిల్లు, కరెంటు బిల్లు కూడా చూడండి. ఆస్తిపన్ను బకాయి కార్పొరేషన్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు.

చదువు గురించి రెండు మాటలు చాలు. 21 ఏళ్లు నిండి, నగరంలో ఓటు ఉంటే పోటీ చేయొచ్చు, చట్టం చదువు అడగలేదు. పదో తరగతి చదివి ఎస్టిమేట్ కాగితంలో తప్పు పట్టుకున్న కార్పొరేటర్లతో నేను పనిచేశాను. చదువు గడిలో అబద్ధం రాస్తే అది వేరే సంగతి, అది చదువు లోపం కింద రాదు. అలాగే ఆయన సొంతూరు ఏ జిల్లా, ఏ రాష్ట్రం అనే చర్చ మీ కాలనీలో నడుస్తోందని రాశారు. దయచేసి ఆ చర్చ వదిలేయండి. డివిజన్‌లో ఎన్నాళ్లుగా ఉంటున్నారు, వర్షం పడిన రాత్రి ఎక్కడున్నారు అన్నవి అడగండి. నగరంలో ఎక్కడ ఓటున్నా ఏ డివిజన్‌లోనైనా నిలబడొచ్చు కాబట్టి, ఎన్నికల ముందు అద్దె ఇల్లు తీసుకుని దిగినవాళ్లు కూడా ఉంటారు.

లాయర్ అభ్యర్థి విషయంలో ఈ-కోర్ట్స్, హైకోర్టు వెబ్‌సైట్ మరో విధంగా పనికొస్తాయి. లాయర్ పేరుతో కూడా కేసులు వెతకొచ్చు. కార్పొరేషన్ ఇచ్చిన కూల్చివేత నోటీసుల మీద స్టే తెచ్చే కేసులే ఆయన ప్రాక్టీసులో ఎక్కువైతే, అది ఆయన వృత్తి, తప్పు లేదు. కానీ గెలిచాక అదే నోటీసుల గురించి కౌన్సిల్‌లో మాట్లాడాల్సి వస్తుంది. అప్పుడు ఎటు నిలబడతారని సూటిగా అడగండి. ఫీజు తీసుకోకుండా బస్తీవాళ్ల పట్టాల కేసులు వాదించినవాడైతే ఆ సంగతి బస్తీయే మీకు చెప్తుంది.

కాలనీ సంఘం అధ్యక్షుడి మీద నాకు ప్రత్యేకమైన ఆసక్తి ఉంది. తొమ్మిది మందిలో చిన్నదైనా ఒక పదవి నడిపిన రికార్డు ఉన్నది ఆయనకే కదా. సంఘం రిజిస్టర్ అయి ఉంటే లెక్కలు రాయాలి, సర్వసభ్య సమావేశం పెట్టాలి. నెల చందాలు, కమ్యూనిటీ హాల్ అద్దెలు, వినాయక చవితి వసూళ్లు ఎలా ఖర్చయ్యాయో ఏటా నోటీసు బోర్డు మీద పెట్టాడా? ఎన్నికలు పెట్టి గెలిచాడా, ఏళ్ల తరబడి ఏకగ్రీవమని తానే కొనసాగుతున్నాడా? ఆయనంటే పడనివాళ్ల ఇంటి ముందు వీధిదీపం ఎన్నాళ్లు ఆరిపోయి ఉంది? కొన్ని వేల రూపాయల లెక్క సరిగ్గా చెప్పినవాడికి కోట్ల పనులు అప్పగించడానికి నాకు అభ్యంతరం లేదు. ఆయన్ని పరీక్షించాల్సింది ఇంకో చోట. కాలనీ గోడకి అవతల బస్తీ ఉంటుంది. మురుగు పోయే దారి గురించో, కాలనీ గేటు మూసేయడం గురించో ఆ రెండింటికీ ఎప్పుడో ఒకప్పుడు గొడవ వచ్చే ఉంటుంది. అప్పుడు ఆయన ఏం మాట్లాడాడో బస్తీలోకి వెళ్లి అడగండి. కార్పొరేటర్ అయితే ఆయన ఆ ఇద్దరికీ ప్రతినిధి కావాలి.

పార్టీ గుర్తు చూసి వేసేవాళ్లకు ఒక విషయం తెలియాలి. ఫిరాయింపుల మీద రాజ్యాంగంలో ఉన్న పదో షెడ్యూల్ ఎంపీలకు, ఎమ్మెల్యేలకే వర్తిస్తుంది. మేయర్, డిప్యూటీ మేయర్ ఎన్నికలో పార్టీ ఆదేశాన్ని (విప్) ధిక్కరిస్తే పదవి పోతుంది గానీ, మామూలుగా పార్టీ మారిన కార్పొరేటర్‌కి ఆ భయం లేదు. 2021 ఫిబ్రవరిలో టీఆర్‌ఎస్ నుంచి మేయర్ అయిన విజయలక్ష్మి 2024 మార్చిలో కాంగ్రెస్‌లో చేరి మేయర్‌గానే కొనసాగారు. కాబట్టి అభ్యర్థి ఇప్పటిదాకా ఎన్ని జెండాలు మార్చారు, ఏ సందర్భంలో మార్చారు అన్నది నేపథ్యంలో భాగమే. ఇక పెద్ద పదవి మీద ఆశ ఉండటాన్ని నేను తప్పుపట్టను. 2009లో మంగళ్‌హాట్ కార్పొరేటర్ అయిన రాజాసింగ్ 2014లో గోషామహల్ ఎమ్మెల్యే అయ్యారు. మేయర్‌గా చేసిన మాజిద్ హుస్సేన్ 2023లో నాంపల్లి ఎమ్మెల్యే అయ్యారు. పైకి వెళ్లాలనుకునేవాడు జనంలో తిరుగుతాడు, ఫోన్ ఎత్తుతాడు. డివిజన్‌కి అది మంచిదే.

ఇంత కష్టపడి చదివితే నా ఒక్క ఓటుతో ఏమవుతుందని మీరు చివర్లో రాశారు. 2020లో ఓటర్లు సుమారు 74 లక్షలు, అంటే డివిజన్‌కి దాదాపు 50 వేలు. పోలింగ్ 46.55 శాతం. బి.ఎన్.రెడ్డి నగర్ డివిజన్ 32 ఓట్ల తేడాతో తేలింది. మీ ఒక్క అపార్ట్‌మెంట్‌లో అంతకంటే ఎక్కువ ఓట్లుంటాయి.

సమయం మాత్రం చాలా తక్కువ ఉంటుంది. 2020లో నవంబరు 17న నోటిఫికేషన్ వచ్చింది, 20తో నామినేషన్లు అయిపోయాయి, 22న ఉపసంహరణ ముగిసింది, డిసెంబరు 1న పోలింగ్. బరిలో ఎవరున్నారో ఖాయమయ్యాక మిగిలింది వారం పైన ఒక రోజు. సమాచార హక్కు జవాబు ఆ వారంలో రాదు, కాబట్టి పనుల జాబితా కోసం దరఖాస్తు ఎన్నికల మాట వినబడగానే పెట్టేయాలి. ఈసారికి అది ఆలస్యమైతే వదిలేసి, రేరా, ఈ-కోర్ట్స్, పాత అఫిడవిట్, ఆస్తిపన్ను చూడండి. నలుగురు కలిసి పంచుకుంటే రెండు సాయంత్రాల పని. స్వతంత్రులు ఐదుగురి విషయంలో ముందు వాళ్లలో ఎవరు నిజంగా ప్రచారం చేస్తున్నారో చూసుకోండి. ఓట్లు చీల్చడానికి నిలబెట్టినవాళ్లు ఉంటే గల్లీలో కనిపించరు, వాళ్ల మీద సమయం పెట్టనవసరం లేదు.

ఆ తర్వాత అభ్యర్థులు ఓటు అడగడానికి మీ గేటు దగ్గరికి వస్తారు. కరపత్రం తీసుకుని పంపేయకుండా, మీరు చూసిన కాగితం పేరు చెప్పి అడగండి. బిల్డర్‌ని ఫలానా ప్రాజెక్టుకి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిందా అని, మాజీ కార్పొరేటర్ భార్యను డివిజన్‌లో మొదట ఏ నాలా పని పట్టుకుంటారని, కేసులున్నాయన్న ఆయన్ని ఆ కేసులు ఎందుకొచ్చాయని. అడిగేటప్పుడు పక్కన మీ అపార్ట్‌మెంట్‌వాళ్లు నలుగురు ఉండేలా చూసుకోండి. జవాబు అందరూ వింటారు, తర్వాత మాట మార్చడం కష్టమవుతుంది.

కేసులున్న అభ్యర్థి అఫిడవిట్‌లోని సెక్షన్ నంబర్లు, సంవత్సరాలు మాత్రం (పేరు వద్దు) ఇక్కడ రాస్తే, అవి ఎలాంటి కేసులో విడమరిచి చెప్తాను.